పటం ముందు పెట్టని హాల్ టికెట్

మొన్న పక్కింటివాళ్ళ మనవరాలు పదో తరగతి హాల్ టికెట్ చూపించడానికి వచ్చింది. కోరుట్లలో ఈ వీధికి నేనింకా లెక్కల మేడంనే. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పరీక్షా కేంద్రం వరసగా వేలు పెట్టి సరిచూస్తే గాని నేను బాగుందనను. అంతసేపూ ఆ పిల్ల కాలు మార్చి కాలు మీద నిలబడింది. టికెట్ ఫోన్‌లోనే దించుకొని, బస్టాండు దగ్గర కాగితం మీద తీయించుకుందట. సాయంత్రం గుడికి తీసుకుపోయి పసుపు పెట్టిస్తానంది. పెట్టించుకో గాని అంకెలకు అంటకుండా చూసుకో అన్నాను. ఆమె వెళ్ళాక చాలాసేపు మరొక హాల్ టికెట్ నా కళ్ళ ముందు మెదిలింది.

అప్పుడు నేను కోనరావుపేట వైపు ఒక సర్కారు బడిలో పనిచేసేదాన్ని. హాల్ టికెట్లు కట్టగా బడికే వచ్చేవి, పెద్దసారు చేతిమీదుగా పిల్లలకు అందేవి. పరీక్షలు సోమవారమైతే ముందటి గురువారం పంపకం. ఆ పొద్దు పెద్దసారు గదిలో సరస్వతి పటం తుడిచి, దండ వేసి, టికెట్ల కట్టను దాని ముందు పెట్టేవాళ్ళు. కొబ్బరికాయ కొట్టేది డ్రిల్లు సారు. ఆయన చేతిలో బంతి కన్నా కొబ్బరికాయే ఎక్కువసార్లు చూశామని మేం నవ్వుకునేవాళ్ళం. తరువాత ఒక్కొక్క టికెట్‌కు కుంకుమ బొట్టు పెట్టి, పులిహోరతో పాటు ఇచ్చేవారు. రాత్రంతా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో చదువుకొని వచ్చిన నేతపనివారి పిల్లలు ఆ బొట్టు చూసి ధైర్యం తెచ్చుకోవడం నేనెరుగుదును. పెద్దసారు చెడ్డవారు కాదు. వెనుకబడిన పిల్లలకు ఇంటి నుంచి అటుకులు తెచ్చిపెట్టి, చీకటి పడేదాకా చదివించినవారు. ఆ బొట్టు ఎవరికైనా వద్దనిపించవచ్చన్న ఆలోచన మాత్రం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆ ఏడు ఒక పిల్లకు వద్దనిపించింది. తల్లి నాట్లకు, తండ్రి మేస్త్రీల వెంట కూలికి పోయే ఇల్లు. ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. నెమ్మదైన పిల్ల, బొమ్మ గీస్తే మళ్ళీ చెరపవలసిన పని ఉండేది కాదు. బుధవారం వచ్చి, తన టికెట్ పటం ముందు పెట్టవద్దని పెద్దసారును అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. అందరితో పాటే తీసుకోవాలి, లేదా తండ్రిని తీసుకురావాలి అన్నారు. టికెట్ లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష తప్పితే ఆ ఇంటి ఆడపిల్ల వానలు పడగానే కాలేజీకి కాదు, నాట్లకు పోతుంది. సర్కారు ఇచ్చే కాగితానికి ఏ దేవుడి సెలవూ అక్కరలేదని నేను పెద్దసారుతో అన్నాను.

“ఒక్క బొట్టుకు ఏమైతది మేడం?”

“ఏం గాదంటె, పెట్టకున్నా ఏం గాదు గద సార్.”

ఆయన కట్టను బీరువాలో పెట్టి తాళం వేశారు.

గురువారం పొద్దున తండ్రి పని మానుకొని బిడ్డ వెంట వచ్చాడు. గోళ్ళ సందున సిమెంటు ఇంకా పోలేదు. చెప్పులు గడప బయట విడిచి చేతులు కట్టుకున్నాడు.

“చిన్నపిల్ల, తెలువక అన్నది సారు. అందరియి ఎట్ల పెడ్తె గట్లనే పెట్టుండ్రి. మాకేం పట్టింపు లేదు.”

పెద్దసారు ముఖం తేటపడింది. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె అందుకున్నారు. తండ్రి వెనక నుంచి పిల్ల మెల్లగా అంది, “నాకున్నది బాపు, పట్టింపు.”

ఎవరు నేర్పారని పెద్దసారు అడిగారు. అడుగుతూ నా వైపు చూశారు.

“ఎవ్వలు నేర్పలే సార్. గా టికెట్టు నాది. దాని మీద నా ఫొటోనే ఉన్నది గద.”

ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. చేయి మాత్రం తండ్రి చొక్కా అంచును గట్టిగా పట్టుకొని ఉంది. తండ్రి ఆ చేతిని విడిపించలేదు. పెద్దసారు అగ్గిపెట్టె పక్కన పెట్టారు. కట్ట దారం విప్పి, వెతికి, ఆమెది తీసి ఇచ్చారు. ఆ తరువాతే దీపం వెలిగింది.

పూజ అయ్యేదాకా ఆ పిల్ల వరండాలో నిలబడింది. తరగతిలో ఆమె బెంచీ మీదే కూర్చునే నేతపనివారి పిల్ల రెండు ఆకుల్లో పులిహోర తెచ్చి, “తింటవానే?” అని అడిగింది. వద్దంటే నొచ్చుకోలేదు. రెండో ఆకు కూడా తానే ఖాళీ చేసి, చేతులు కడుక్కొని, ఇద్దరి నంబర్లూ పక్కపక్కనే ఉన్నాయో లేదో చూసుకుంది. ఆ వారమంతా మాలో ఎవరికీ తోచని పని, ముందుగా అడగడం, ఆ నేతపనివారి పిల్ల పులిహోర ఆకుతో చేసింది.

ఇప్పుడు టికెట్ నేరుగా పిల్లల చేతికే వస్తుంది. పటం ముందు పెట్టాలో వద్దో వాళ్ళిష్టం. ఆ తగవును కాలమే తీర్చిందని నాతో పనిచేసినవాళ్ళు అంటుంటారు. నాకా లెక్క సరిపోదు. కాలం దాని పక్కనుంచి నడిచిపోయింది, అంతే. తీర్చింది, దీపం వెలిగేలోపు, తండ్రి చొక్కా పట్టుకొని నిలబడ్డ పిల్ల.