అవ్వ తలలో కనకాంబరాలు

పోయిన ఆదివారం తిరుపతిలో మా ఇంట్లో, వంటగది గడప దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, మా తమ్ముడి కూతురు మెడలో పాత కెమెరా ఒకటి తగిలించుకుని ఎదురుగా నిలబడింది. ఫోను కాదు, రీలు వేసి తీసే కెమెరా. ఈ కాలపు పిల్లలకు మళ్లీ ఆ పిచ్చి పట్టుకుందట. కెమెరా కనపడగానే నా చెయ్యి తనంతట తాను కొంగు సర్దింది, ముఖం బిగుసుకుపోయింది. "అత్తా, నన్ను సూడబాక. నీ పని నువ్వు సేసుకో" అందా పిల్ల. చింతపండు చేతిలో అలాగే ఉండిపోయింది. ఈ మాట నేను చిత్తూరులో, చిన్నప్పుడు, ఇంకొక గొంతులో విన్నాను.

చిత్తూరులో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. ఆ ఇంట్లో ఉండేది నా స్నేహితురాలు. వాళ్ల నాయనకు కోర్టులో ఉద్యోగం, వాళ్ల మామకు బజారు వీధిలో ఫోటో స్టూడియో. మామ కొత్త కెమెరా కొనుక్కుని పాతది మేనకోడలికి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో ఫోటో అంటే తలంటు పోసుకుని, పౌడరు రాసుకుని, పట్టుచీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని ఊపిరి బిగబట్టడం. మా ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నిటిలోనూ మా వాళ్లు తీర్పు కోసం కోర్టు వరండాలో కాచుకున్నట్టుంటారు. నా స్నేహితురాలికి ఆ ఫోటోలంటే గిట్టేది కాదు. తనను చూడొద్దని, ఎవరి పని వాళ్లు చేసుకోమని అనేది. మా అమ్మ మిద్దె మీద చాపలు పరిచి మామిడి తాండ్ర పోస్తుంటే తీసేది. మా నాయన ఒక చెంపకు సబ్బు నురగతో, రెండో చెంప నున్నగా, అద్దం ముందు నోరు వంకర పెట్టుకుని ఉంటే తీసేది. పాత చీరలో తీస్తే ఊరుకోనని అమ్మ కేకలేసేది, పెళ్లిళ్లకు వాడాల్సిన రీలు తాండ్ర చాపలకు తగలేస్తోందని వాళ్ల మామ విసుక్కునేవాడు. ఆ పిల్ల ఇద్దరి మాటా వినేది కాదు. రీలు మొత్తం అయిపోతేగానీ కడిగించడానికి ఇవ్వరు కాబట్టి, మా ముఖాలు ఎలా పడ్డాయో తెలియడానికి వారాలు పట్టేది. ఆ ఎదురుచూపు కూడా మాకు బాగానే ఉండేది.

ఆ ఎండాకాలంలో వాళ్ల నాయనకు అనంతపురానికి బదిలీ అయింది. వెళ్లేలోపల మా ఇంటినీ వాళ్ల ఇంటినీ రీలులోకి ఎక్కించుకోవాలని ఆ పిల్ల పట్టు పట్టింది. అన్నిటికన్నా ముఖ్యంగా మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, కావాలి. ఎందుకంటే రోజూ సాయంత్రం వాళ్ల పెరటి కనకాంబరాలు కోసుకొచ్చి అవ్వ ఒళ్లో పోస్తే, అవ్వ మాల కట్టి మా ఇద్దరి జడల్లో పెట్టేది. తాత పోయినప్పటి నుంచి తన తలలో మాత్రం ఒక్క పువ్వు పెట్టుకుని ఎరగదు. వద్దని ఎవరూ ఆమెకు చెప్పలేదు, పెట్టుకోమనీ ఎవరూ అనలేదు. అయితే అప్పుడు వచ్చిన చిక్కు పూలది కాదు. నాయనకు పచ్చకామెర్లు తగ్గితే తలనీలాలు ఇస్తానని మొక్కుకుని, అలిపిరి నుంచి నడిచి కొండకెళ్లి, అవ్వ అప్పుడే గుండుతో తిరిగొచ్చింది.

"ఈ గుండుతో నన్ను తీసి యాడ పెట్టుకుంటావు పాపా? ఎంటికలు రానీ, అప్పుడు తీద్దువు" అంది అవ్వ.

"ఎంటికలొచ్చే లోపల మేమే ఈడ ఉండము కదవ్వా."

అవ్వ కొంగు తల నిండా కప్పుకుని, పూలు ఒళ్లో పోసుకుని గుమ్మంలో కూర్చుంది. కాసేపటికి మాల కట్టే ధ్యాసలో కెమెరా సంగతి మరిచిపోయింది, కొంగు జారింది, ఆ పిల్ల నొక్కేసింది. "కొంగు జారలేదు కదా?" అని అవ్వ అడిగితే, జారలేదని నా స్నేహితురాలు కళ్లార్పకుండా అబద్ధం చెప్పింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. రీలు అయిపోయాక వెనక్కి చుట్టేటప్పుడు, బయటికి వేలాడే కొస పూర్తిగా డబ్బాలోకి పోయేదాకా చుట్టాలి. కొస బయటుంటే అది కొత్త రీలో, వాడిన రీలో చూసి చెప్పలేం. ఆ పిల్ల చుట్టడం ఇంకాస్తలో అయిపోతుందనగా మా అమ్మ తాండ్ర రుచి చూడమని పిలిచింది. పరుగెత్తే తొందరలో కొస బయటుండగానే తీసి, కొత్త రీలు పక్కన పెట్టేసింది. మర్నాడు అదే రీలును కొత్తదనుకుని మళ్లీ కెమెరాలో వేసి, వాళ్ల ఇల్లంతా తీసింది.

కడిగించి తెచ్చిన ఫోటోలు చూస్తే మా ఇంటి మీద వాళ్ల ఇల్లు పడి ఉంది. మా తాండ్ర చాపల మీద వాళ్ల నాయన పడక్కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. మా నాయన నురగ చెంప మీద వాళ్ల మేక గడ్డి మేస్తోంది. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. చివరి ఫోటో దగ్గర నవ్వు ఆగిపోయింది. చీకటి గుమ్మంలో అవ్వ దారం వేళ్లకు చుట్టుకుని కూర్చుంది. ఆమె తల మీద, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, వాళ్ల పెరట్లోని కనకాంబరాలు విరగబూసి ఉన్నాయి. అమ్మ గబుక్కున దాన్ని మిగతా ఫోటోల కిందికి తోసేసింది. నాయన కిటికీ వైపు తిరిగాడు.

తన ఫోటో ఏదని అవ్వ అడిగింది. ఎవరూ ఇవ్వకపోతే తానే వెతికి తీసుకుని, వెలుతురు కోసం వరండాలోకి వెళ్లింది. చాలాసేపు చూసి, వేలితో ఆ పూలను తడిమింది.

"ఈ పూలు ఎవురు పెట్టినారు?"

నా స్నేహితురాలు ఏడుస్తూ రీలు సంగతంతా చెప్పింది. చించేస్తానని చెయ్యి చాపింది.

"చించబాక. నేను పెట్టుకోలేదు, ఎవురూ పెట్టలేదు. అవే వచ్చి కూర్చున్నాయి. ఉండనీ."

ఆ ఫోటోను అవ్వ తన వక్కాకు సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె జుట్టు పెరిగింది, తెల్లగా భుజాల దాకా వచ్చింది. ఇప్పుడైనా మంచి ఫోటో తీయించుకోమని ఎంత బతిమాలినా, "నాది అయిపోయింది" అనేది. ఆమె పోయాక పెద్దది చేయించడానికి మాకు ఉన్నది అదొక్కటే, సున్నం అంటి ఒక మూల మరక పడినది. పూలు కనబడకుండా చేసిస్తానని స్టూడియో ఆయన అంటే, మా నాయన కూడా ఉండనీ అని అవ్వ అన్న మాటే అన్నాడు. నాకు ఆ రోజు నాయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఇప్పుడది తిరుపతిలో మా ముందు గది గోడ మీద ఉంది. నా స్నేహితురాలు చివరికి చంద్రగిరిలో ఇల్లు కట్టుకుని మళ్లీ నాకు దగ్గరైంది. వచ్చినప్పుడల్లా, తన తప్పును ఇంత పెద్దది చేసి గోడకు తగిలించానని నన్ను ఆడిపోసుకుంటుంది. తను తెచ్చిన కనకాంబరాలు ఫోటోకు పెట్టబోయి, అవ్వకు ఎలాగూ ఉన్నాయి కదా అని నా తలలో పెడుతుంది.

ఆదివారం మా మేనకోడలు రీలు చుట్టడం చివర్లో ఉండగా పొయ్యి మీద పులుసు పొంగుతుంటే, గబగబా దాన్ని తీసి పక్కన పెట్టి పరుగెత్తింది. కొస లోపలికి పోయిందో లేదో చూసుకోమని చెప్పబోయి ఊరుకున్నాను. గడిచిపోయిన రోజుల మీదికి కాలం ఏ పూలు తెచ్చి పెడుతుందో, కడిగించి చూస్తేగానీ తెలియదు.