అరగడం లేదన్నందుకు

నేను నరసాపురంలో టీచర్‌ని. యాభై దాటాక నా కడుపులో ఆమ్లం తక్కువగా ఊరుతోందని డాక్టరు గారు తేల్చారు. రెండు ముద్దలు తిన్నా సాయంత్రం దాకా బరువే.

పోయినేడాది మొగల్తూరులో మా ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్లాను. మావైపు విస్తరి ముందు కూర్చున్నాక వద్దంటే వినరు. అందుకే ముందుగానే, "నాకు అరగడం లేదండి, మజ్జిగ చాలు" అన్నాను.

అన్నం వద్దంటే ఒప్పుకున్నారు గానీ, మందు వద్దంటే ఒప్పుకోలేదు. మా ఆడపడుచు అల్లం, నిమ్మరసం కలిపి తెచ్చింది. వాళ్ల అత్తగారు శొంఠిపొడి నెయ్యిలో కలిపి పెట్టారు. పక్కింటావిడ యాపిల్ వెనిగర్ గ్లాసుతో వచ్చి, "మా ఆయనకి దీంతోనే తగ్గిందండి, నా మాట వినండి" అంది. ఒకరిది తీసుకుని ఇంకొకరిది కాదంటే ఏమనుకుంటారోనని అన్నీ పుచ్చుకున్నాను.

పావుగంటలో గుండెల్లో మంట మొదలై ఒళ్లంతా చెమటలు పట్టాయి. గుండెపోటే అనుకుని, భోజనాలు సగంలో వదిలేసి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు.

అక్కడి డాక్టరు ఈసీజీ చూసి, "గుండె బాగానే ఉందమ్మా. ఏం తిన్నారు?" అని అడిగారు.

"ఏమీ తినలేదండి" అన్నాను. నిజమే మరి.

మా ఆడపడుచు ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన రాయడం మానేసి పెన్ను కింద పెట్టేశారు. ఇంజెక్షన్ చేస్తూ నర్సు మెల్లగా, "వాము నీళ్లు తాగి చూశారాండి?" అంది.

ఇప్పుడు ఎవరింటికెళ్లినా ఉపవాసమంటాను. వారంలో ప్రతి రోజుకీ ఒక దేవుడున్నాడు. ఆ ధైర్యంతోనే శుభలేఖలు అందుకుంటున్నాను.