చెత్తబుట్టలో మా అక్క

కంచె చేను మేసిందని మీరు వినే ఉంటారు. నేను కట్టిన కంచె అంతకన్నా ఘనమైనది. చేనును ముట్టుకోలేదు గానీ, చేనుకు వచ్చే వానను ఆపేసింది. మూడు నెలలపాటు నా చేతులారా నేను తెచ్చుకున్న కరువు కథ ఇది. మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నేను కూడా సగం చోట్ల నవ్వుతాను. మిగతా సగం చోట్ల ఏం చేస్తానో అడక్కండి.

పన్నెండేళ్ల కిందటి మాట. రాయగడలో ఒక నర్సింగ్ స్కూలు ఆఫీసులో గుమస్తాగా ఉండేవాణ్ని. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది మా అక్క కరుణ ఒక్కతే. జయపురంలో ఆస్పత్రి నర్సు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. నన్నెవరూ చేసుకోలేదు. కాబట్టి మా ఇద్దరికీ కలిపి ఉన్న బంధుబలగమంతా మేమిద్దరమే.

ఒంటిగదిలో అద్దెకుండేవాణ్ని. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురికీ వందనాలు చెప్పి గదికొచ్చేస్తే, సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేదాకా నా నోటికి పనుండేది కాదు. ఒక్కోసారి గొంతు ఉందో పోయిందో చూసుకుందామని కుక్కర్‌తో మాట్లాడేవాణ్ని. అది పాపం మూడుసార్లు జవాబిచ్చి ఊరుకునేది.

నాకు గొంతుండీ మాట్లాడ్డానికి మనిషి లేకపోతే, అక్కకి చుట్టూ మనుషులుండీ గొంతు పోయింది. మెడ దగ్గర ఆపరేషన్ చేసి, ఆరు నెలలు మాటే ఆడకూడదన్నాడు డాక్టరు. మా ఇద్దరి దగ్గరా ఉన్నవి నొక్కుడు ఫోన్లు, వాటిలో ఒక మెసేజ్ కొట్టేసరికి తెల్లారిపోతుంది. అందుకని ఈమెయిల్లో పడ్డాం. ఆవిడ డ్యూటీ అయ్యాక ఆస్పత్రి కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపేది. నేను ఆఫీసు కంప్యూటర్లో చదువుకునేవాణ్ని. అందులో ఉత్తరాల కోసం ఒక ప్రోగ్రాం ఉండేది. స్కూలు ఉత్తరాలు ఒక అరలోకి, నా సొంత ఉత్తరాలు పక్క అరలోకి వచ్చి పడేవి.

అంతా బాగుండగా, స్కూలు మెయిల్ పాస్‌వర్డ్ ఎవడో కనిపెట్టేశాడు. మా స్కూలు పేరుతో ఊరందరికీ బట్టతల మందు ప్రకటనలు వెళ్లాయి. ప్రిన్సిపాలమ్మ నన్ను పిలిచి, "దాసుబాబూ, రేపటికల్లా ఇది భద్రంగా ఉండాలి" అంది. జయపురం నుంచి బిజయ్ అనే కంప్యూటరు మెకానిక్‌ని పిలిపించాం. ఒడియా ఆయనే గానీ తెలుగు ధారాళంగా మాట్లాడతాడు.

ఆయన పాస్‌వర్డ్ మార్పించాడు. అది ఎంత గట్టిదంటే, సాయంత్రానికి నాకే గుర్తు లేదు. ఉత్తరాలకి తగిలించి వచ్చే తెలియని ఫైళ్లు తెరవొద్దన్నాడు. ఆ తర్వాత అసలు పాఠం మొదలుపెట్టాడు.

"బాబూ, ఇదిగో ఈ బొమ్మ సూడండి. సెత్త ఉత్తరం వస్తే దీని మీద నొక్కండి. మీరు నొక్కినకొద్దీ ఇది నేర్చుకుంటాది. అలాటివి మళ్లీ వస్తే మీకు సూపించకుండా సెత్తబుట్టలో ఏసేస్తాది."

"మంచివి కూడా ఏసేస్తే?"

"అందుకే ఈ పేర్ల పుస్తకం. ఇందులో ఉన్నోళ్లని ఇది ఏటీ అనదు. తెలిసినోళ్లందర్నీ రాసీండి. బుఝిలే?"

బుఝిలే అన్నాను, అర్థమైందని. ఆ పూటే కూర్చుని రాశాను. జిల్లా ఆఫీసు రాశాను. ప్రశ్నపత్రాలు అచ్చువేసేవాణ్ని రాశాను. గ్యాస్ బండ ఏజెన్సీని కూడా రాశాను. అక్కని రాయలేదు. ఇంటి మనిషిని రిజిస్టర్లో ఎక్కిస్తామా అండీ? ఆవిడ అడ్రసు నాకు నిద్రలో లేపినా వచ్చు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

వెళ్తూ వెళ్తూ బిజయ్, "సెత్త ఎన్నాళ్లుంచమంటారు?" అన్నాడు.

"రెండువారాలు. ఆ తర్వాత దానంతటదే కాలిపోవాలి. చెత్త నిలవుంటే ఈగలు ముసురుతాయి" అన్నాను, మునిసిపాలిటీ చైర్మన్ లాగా.

ఇక చెత్త సంగతి. కోస్తాలో మా పాత సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. రిటైరయ్యాక ఆయనకి కంప్యూటరు దొరికింది. ఆయన నుంచి రోజుకి నాలుగు ఉత్తరాలు వచ్చేవి, అవీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులోనే. అన్నీ ఒకేలా మొదలయ్యేవి: "ప్రభువు నామమున మీకు వందనములు." అన్నీ ఒకేలా ముగిసేవి: "దీనిని పదిమందికి పంపండి. ఆశీర్వాదము మీ తలుపు తట్టును."

మొదటిసారి నేను భక్తిగానే కాగితం తీసుకుని పది అంకెలు వేశాను. ఒకటి, అక్క. రెండు... రెండు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. రోజూ బరా, గుగుని పెట్టే టిఫినుబండి ఆయనకి మెయిల్ లేదు. ప్రిన్సిపాలమ్మకి పంపితే సెలవు చీటీ అనుకుంటుంది. గ్యాస్ ఏజెన్సీకి పంపితే బండ ఆలస్యం చేస్తారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఊళ్లో అంతమంది తిరుగుతుంటే నాకు రెండో పేరు దొరకలేదు.

మర్నాడు మళ్లీ పదిమంది అన్నాడు పెద్దాయన. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, పదిమంది లేరన్న కోపం ఆ బొమ్మ మీద చూపించాను. నొక్కాను. మర్నాడు నాలుగుసార్లు నొక్కాను. నెల తిరిగేసరికి వందసార్లు నొక్కి ఉంటాను. వేలు నొప్పెట్టింది గానీ మనసు హాయిగా ఉంది. చెత్త రావడం ఆగిపోయింది.

చెత్తతోపాటు అక్క ఉత్తరాలూ ఆగిపోయాయి.

మా వాళ్ల పద్ధతి మీకు చెప్పాలి. మాలో పెళ్లికి పిలిచినా, చావు కబురు చెప్పినా, అరువిచ్చిన కొబ్బరికోరాము తిరిగిమ్మని రాసినా మొదటి వరుస ఒక్కటే: "ప్రభువు నామమున మీకు వందనములు." అది లేకుండా రాయడమంటే చొక్కా లేకుండా పెళ్లికెళ్లడమే. మా అక్క నన్ను తిట్టేటప్పుడు కూడా ముందు వందనములు చెప్పి, తర్వాతే వెధవా అంటుంది. అంచేత నేను నెల్లాళ్లు కష్టపడి నా కంప్యూటరుకి నేర్పిందేమిటంటే, వందనములన్నవాళ్లంతా చెత్త అని. అది నాకన్నా బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. వారం చూశాను. డ్యూటీలెక్కువేమో అనుకున్నాను. మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఉండబట్టలేక ఫోన్ చేస్తే, ఆవిడతో పనిచేసే సరోజినమ్మ ఎత్తింది.

"అక్క పక్కనే ఉన్నారండి. ఆగండి, ఏటో రాస్తన్నారు... 'రోజూ మెయిల్ పెడతన్నాను, నువ్వే పలకట్లేదు' అని రాసేరండి."

"నానా? నాను మూడు రాసేను. ఒక్కదానికీ జవాబు లేదు."

"ఆగండి... 'మూడూ అందేయి, మూడింటికీ జవాబు రాసేను' అంటన్నారు."

"అబద్ధం!"

సరోజినమ్మ గొంతు తగ్గించి, "అది కూడా సెప్పీమంటారేటండి?" అంది.

ఫోన్ పెట్టేశాను. నా కంప్యూటరు తప్పు చేయదు, జయపురం మనిషొచ్చి తాళాలు బిగించి వెళ్లాడు. తప్పు చేసేది మనుషులే. అక్కకి నేను బరువయ్యాను, రాశానని సర్దిచెప్తోంది, అంతే. అనుమానం ఒకసారి గదిలోకొచ్చాక దానికి కుర్చీ వేయక్కర్లేదు. అదే మంచమెక్కి పడుకుంటుంది. "రాయకపోతే మానె, అబద్ధాలెందుకు" అని ఒక ఉత్తరం పెట్టాను. దానికీ జవాబు రాలేదు. ఇక నేనూ రాయడం మానేశాను. సరోజినమ్మ చేత ఆవిడ చేయించే ఫోన్లు ఎత్తడం కూడా మానేశాను.

ఏటా క్రిస్మస్‌కి నేను జయపురం వెళ్లేవాణ్ని. అక్క పిండితో గులాబీ పువ్వులు వేసేది. అచ్చు నూనెలో ముంచి తీసేది ఆవిడ, డబ్బాలో సర్దేది నేను. ఆ ఏడు వెళ్లలేదు. ఆరాధన అయ్యాక గుడిలో ఎవరో "పండక్కి అక్క దగ్గరికేనా?" అంటే "ఆ, రేపే రైలు" అన్నాను. అన్నాక తప్పదు కదా. ఎవరికీ కనపడకుండా రెండు రోజులు తలుపేసుకుని, బేకరీ రొట్టె పాలలో ముంచుకు తిన్నాను. వీధిలో పిల్లలు పాటలు పాడుకుంటూ వచ్చి నా తలుపు తట్టారు. ఇంట్లో లేనని చెప్పుకున్నవాణ్ని, ఎలా తీస్తాను? ఊపిరి బిగపట్టుకు కూర్చున్నాను. అంత ఒంటరితనం నాకు అంతకుముందు తెలియదు. దాన్ని కూడా ఎవరికీ కనపడనివ్వకుండా దాచుకోవలసి రావడం మరీ హీనం.

కొత్త సంవత్సరంలో మొదటి శనివారం మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది. తీస్తే అక్క. మెడకి ఉన్ని మఫ్లరు, చేతిలో రేకు డబ్బా, మెళ్లో దారం కట్టిన నోట్‌బుక్కు, దానికి వేలాడే పెన్ను. మొహం మాత్రం కుంపటి.

"ఏటే అక్కా, సెప్పాపెట్టకుండా ఇలా..."

ఆవిడ నోట్‌బుక్కు తెరిచి రాసింది. "నాలుగుసార్లు సెప్పేను. రైలు సెప్పేను. బోగీ సెప్పేను. టేసన్‌లో రెండు గంటలు నిలబడ్డాను."

"ఎవరికి సెప్పేవు? నాకు ఒక్క ముక్క రాలేదు!"

"సొరంగాలన్నీ దాటుకుని వచ్చేను. ఆటోవోడికి ఈ కాయితం సూపించి నీ గది ఎతుక్కున్నాను. నువ్వు తలుపుకాడ నిలబెట్టి అడుగుతన్నావు."

రాతతో తగువాడే మనిషితో ఎప్పుడూ పెట్టుకోకండి. నేనొక కేక వేసి, ఆవిడ రాయడం అయ్యేదాకా ఆగాలి. ఆగేసరికి నా కోపం చల్లారిపోయేది. మళ్లీ వేడి చేసుకోవలసి వచ్చేది. ఆవిడకా ఇబ్బంది లేదు. కిందిగీతలు గీసుకుంటూ పోయేది. ఒక పేజీలో "అబద్ధం" అన్న ఒక్క మాటే రాసి, మూడు గీతలు గీసి, నా ముక్కు ముందు పెట్టింది. సరోజినమ్మ ఆ మాట కూడా అందించిందన్నమాట.

"అబద్ధం కాకపోతే ఏటి మరి? పద, ఆఫీసులో సూపిస్తాను. ఒక్క ఉత్తరముంటే నా సెవి కోసిస్తాను!"

తాళాలు నా దగ్గరే ఉంటాయి. వెళ్లి కంప్యూటరు తెరిచి, ఖాళీగా ఉన్న నా అరని గర్వంగా చూపించాను. ఖాళీ అరని అంత గర్వంగా చూపించిన మనిషి ఇంకెవరూ ఉండరు. అక్క నన్ను భుజం పట్టి లేపి, కుర్చీలో కూర్చుని, ఎడంపక్క కింద ఉన్న చెత్తబుట్ట మీద నొక్కింది.

నేనెప్పుడూ దాన్ని తెరవలేదు. చెత్తబుట్ట మూత తీసి ఎవరు చూస్తారు?

పెద్దాయన ఉత్తరాల మధ్య, రోజుకొకటి చొప్పున, పద్నాలుగు ఉత్తరాలు. పైనుంచి కిందిదాకా అక్క పేరు. ఒక్కటీ తెరిచి లేదు. చదువుతూ పోయాను. "ప్రభువు నామమున మీకు వందనములు. ఒరే దాసూ, నీమీద కోపం పోయింది." ఆ తర్వాతది: "వందనములు. కోపం మళ్లీ వచ్చింది." పండగనాటిది: "వందనములు. పువ్వులు వేసేను. నువ్వు లేవని డబ్బా మూత తియ్యలేదు. నువ్వొచ్చేకే తీద్దాం."

నా చెవుల సంగతి ఆవిడ అడగలేదు. నేనే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

"అక్కా, పద్నాలుగేనా? అంతకుముందువి?"

రెండు వారాలు దాటిన చెత్త దానంతటదే కాలిపోతుంది కదండీ. చైర్మన్ గారి ఉత్తర్వు. గొంతు తిరిగొస్తుందో రాదో తెలియని ఆ రెండు నెలల్లో రాసినవన్నీ బూడిదైపోయాయి.

"ఏటి రాసేవే వాటిలో?"

అక్క చాలాసేపు రాసింది. రాసినదంతా కొట్టేసింది. కింద చిన్నక్షరాలతో రాసి చూపించింది. "గుర్తు లేదురా. బయమేసినప్పుడల్లా రాసేను."

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ని నేను. ఆ ఇంట్లో మా అక్క ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను, ఏడ్చాను కూడా. ఆవిడ నా వీపు మీద ఒకటి వేసి, పేర్ల పుస్తకం తెరిచి, జిల్లా ఆఫీసుకీ గ్యాస్ బండకీ పైన తన పేరు తనే రాసుకుంది. పద్నాలుగు ఉత్తరాల్నీ ఒక్కొక్కటిగా "చెత్త కాదు" అని బయటికి లాగింది. ఆ తర్వాత డబ్బా మూత తీసింది. పువ్వులు మెత్తబడిపోయాయి. ఒక్కటి కూడా వదల్లేదు మేము.

అక్కకి గొంతు తిరిగొచ్చింది, కొంచెం బొంగురుగా. రిటైరై జయపురంలోనే ఉంది. నేను రాయగడలోనే ఉన్నాను, అదే ఆఫీసులో, అదే కుక్కర్‌తో. పెద్దాయన ఉత్తరాలు ఇప్పటికీ వస్తాయి. భక్తిగా చదువుతాను. పదిమందికి పంపమంటాడు. నా లెక్క ఇప్పటికీ ఒకటి దగ్గరే ఆగుతుంది. అందుకని అక్కకే పదిసార్లు పంపుతాను.

మొన్న అలా పంపాను. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. గుండెల్లో పాత రాయి పడి, ఫోన్ చేశాను.

"ఏటీ రాలేదురా" అంది.

"సెత్తబుట్టలో సూడవే ఓసారి."

అటునుంచి టక్కు టక్కుమని చప్పుడు. తర్వాత ఆ బొంగురు నవ్వు.

"ఒరే, ఇక్కడున్నావురా దాసూ! ఒకడివి కాదు, పదిమందివి ఉన్నావు!"

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వందనములన్న ఏ ఉత్తరాన్నీ ఇక ఈ చేత్తో చెత్త అనను. శనివారం శనివారం బుట్ట మూత తీసి చూస్తాను. పదిమందికి పంపమంటే అక్కకి పదిసార్లు పంపను. తొమ్మిదిసార్లే పంపి, పదోసారి రైలెక్కి వెళ్లి నోటితో చెప్పి వస్తాను.