మేడంగారు గీసిన నీళ్ళు

మేడంగారు పోయారన్న కబురు రావులపాలెం సెంటర్లో, బస్సులో కూర్చుని ఉండగా తెలిసింది. అరటిగెలల లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి బస్సు కదలడం లేదు. మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ గారు ఫోన్ చేశారు. "మేడంగారు పొద్దున్నే పోయేరండి. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేస్తున్నారండి" అన్నారు. కొన్ని వారాలుగా భయపడుతున్న కబురే. అయినా నేను "ఏ మేడంగారండీ?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు. మాకు మేడంగారంటే ఒక్కరే.

ఆవిడ అమలాపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ చెప్పేవారు. నాకు ముందు టీచరు, తర్వాత రీసెర్చ్ గైడు, చివరి కొన్నేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. ఆవిడ పరిశోధన ఏమిటో చెబితే చాలామంది నవ్వేవారు. కంప్యూటర్ చేత అచ్చం ఫోటోలాంటి బొమ్మ వేయించాలని లోకమంతా తంటాలు పడుతుంటే, ఈవిడ చేత్తో గీసినట్టుండే బొమ్మ వేయించాలని, అదీ కదిలే బొమ్మ వేయించాలని కూర్చున్నారు. అందులోనూ పట్టుకున్నది గోదావరి నీళ్ళు. కొండో ఇల్లో అయితే గీతలు దాన్ని ఆనుకుని నిలబడతాయి. నీళ్ళలో ఆనుకోవడానికి ఏముంది?

కష్టం ఎక్కడుందో ఆవిడే విడమరిచి చెప్పేవారు. సినిమాలో ఒక్కో బొమ్మనీ కంప్యూటర్ కొత్తగా గీస్తే, గీతలు కాలిన పెనం మీద నీటిచుక్కల్లా చిటపటలాడతాయి. పోనీ గీతల్ని నీటికి అంటించేస్తే నది కాస్తా రేకుల షెడ్డులా బిగుసుకుపోతుంది. గీత పుట్టాలి, నీటితో కొంతదూరం వెళ్ళాలి, అలిసి ఆగిపోవాలి. "గీతని పుట్టించడం సులువేనమ్మాయ్. ఎప్పుడు పోవాలో దానికి చెప్పడమే నాకు రావట్లేదు" అనేవారు. ఆ ఒక్కటి తేల్చడానికే ఆవిడ ఉద్యోగమంతా అయిపోయింది. తేలలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో ఏదో గెలుపు ఉంటుందని ఆశపడి ఎవరూ చదవక్కర్లేదు.

మమ్మల్ని ల్యాబులో కూర్చోబెట్టినదానికన్నా మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు మీద నిలబెట్టిందే ఎక్కువ. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించి తలా ఒక పలక, బలపం ఇచ్చేవారు. అవతల కోటిపల్లి ఒడ్డు వచ్చేలోపు నీళ్ళు గీయాలి. కాసేపు చూడాలి, కళ్ళు మూసుకోవాలి, ఏ గీత గుర్తుంటే అదే గీయాలి. ఇంకోసారి తొంగిచూస్తే ఊరుకునేవారు కాదు. "కెమెరాకి అన్నీ కావాలి. చేతికి అన్నీ అక్కర్లేదు. నువ్వేం వదిలేసేవో చూసుకో ముందు" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు పలకలన్నీ గోదావరిలో ముంచి తుడిపించేవారు. ఫోటో తీసుకుంటామని బతిమాలినా ఒప్పుకునేవారు కాదు.

ఆఖరి సంవత్సరం ఇంజనీరింగ్ వాళ్ళం పలకలు పట్టుకుని నిలబడితే పంటు మీద జనం మోటార్ సైకిళ్ళు దిగి మరీ చూసేవారు. టిక్కెట్లిచ్చే ఆయన ఒకసారి ఉండబట్టలేక, "మేడంగారండీ, వీళ్ళింకా ఒకటో క్లాసేనాండీ?" అన్నాడు.

"ఆయ్, ఇంకా పాసవలేదండి. నేనూ అక్కడే ఉన్నానండి" అన్నారావిడ, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ.

జర్నల్స్‌కి పేపర్లు రాసి పంపేవారు. తిరిగొచ్చేవి. ఆఖరిసారి వచ్చిన జవాబులో, నాలుగు మాటలు టైపు చేస్తే కావలసిన శైలిలో బొమ్మలు యంత్రమే వేసిపెడుతున్న రోజుల్లో ఇంత శ్రమ దేనికని అడిగారు. ఆవిడ అది నాకు చదివి వినిపించి, "సరిగ్గానే అడిగేడు. దేనికీ అంటే ఏం చెప్తాం?" అని టీకి లేచారు. పంచదార వేసుకోవడం మరిచిపోయి అలాగే తాగేశారు. నేనేదో అనబోతే, "ఓదార్చకు అమ్మాయ్. పోయి ప్రోగ్రాం రన్ చెయ్యి" అన్నారు. అంతకుమించి ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు. నేను చూడటమంటూ నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. ఆ చూపుతో ఇప్పుడేం చేసుకోవాలో మాత్రం నాకు తెలియడం లేదు.

ఆవిడ మిగిల్చి వెళ్ళింది ఒక చిన్న సినిమా. నిమిషం కూడా ఉండదు. పంటు మీంచి కనిపించే నీళ్ళు, తెల్ల కాగితం మీద నల్ల గీతలు, అంతే. సగం చోట్ల కాగితం ఖాళీగా ఉంటుంది. ఒడ్డు లేదు, పడవ లేదు, మనిషి లేడు. మధ్యలో ఒకచోట గీతలన్నీ తడబడతాయి, మళ్ళీ సర్దుకుంటాయి. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "ఆ తడబడే చోట ఎవరూ చెయ్యి పెట్టకండమ్మా. అక్కడ నాకు రాలేదని తెలియాలి. తర్వాత వచ్చేవాళ్ళు అక్కణ్ణించే మొదలెట్టాలి" అన్నారు. ఆవిడ నన్ను కోరింది అదొక్కటే. సరేనన్నాను. తర్వాత వచ్చేవాళ్ళెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. ఆ ల్యాబు ఖాళీ చేసి ఇంకో కోర్సుకి ఇచ్చేయాలని అప్పటికే అనుకుంటున్నారు.

కాలేజీలో సంస్మరణ సభ పెట్టారు. మేడంగారి సినిమా వేస్తున్నామని ప్రిన్సిపాల్ గారు చెబితే నేనిచ్చిన ఫైలే అనుకున్నాను. తెర మీద గోదావరి తళతళ మెరిసింది. అచ్చం ఫోటో. ఎండ, కొబ్బరిచెట్లు, దూరంగా పంటు. నేను నీళ్ళలో గీత కోసం వెతికాను. ఒక్కటీ లేదు. తడబడిన చోటు నున్నగా జారిపోయింది. హాలంతా చప్పట్లు.

పక్కనే ఉన్న ల్యాబ్ అసిస్టెంట్ గారిని ఇదేమిటని అడిగాను. ఆయన మొహం వెలిగిపోతోంది. "మేడంగారిది గీతలు గీతలుగా ఉండిపోయింది కదండీ. పెద్దలంతా వస్తున్నారు, సగంలో ఉన్నది చూపిస్తే ఏం బాగుంటదని ఆ బొమ్మలేసే ఏఐ యాప్‌లో పెట్టి పూర్తి చేయించేనండి. ఆవిడ పేరు నిలబడాలి కదండీ" అన్నారు. ఆస్పత్రికి రోజూ క్యారేజీ మోసిన మనిషి. ఆయన్నేమనను? లేచి, ఇది ఆవిడ గీసింది కాదని అందరిముందూ చెప్పాను. ప్రిన్సిపాల్ గారు ఓపిగ్గా విని, "ఆయ్, అర్థమైందండి. కానీ ఎంత బాగుందో చూడండి" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఈలోగా మైకు ఇంకొకరి చేతికి వెళ్ళింది.

దినకార్యాలన్నీ అయ్యాక అసలు సినిమా పెన్ డ్రైవులో వేసుకుని అంబాజీపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. మేడంగారి భర్తని నేను బాబాయిగారనే పిలుస్తాను. జీవితమంతా కొబ్బరి వ్యాపారం చేసి ఈమధ్యే మానేశారు. టీవీలో పెడితే చివరిదాకా కదలకుండా చూశారు.

"ఇది నాకు చూపించేదమ్మా. ఇందులో నీళ్ళెక్కడున్నాయే అంటే నవ్వేది" అన్నారు. రిమోట్ అందుకుని, "సభలో వేసింది కూడా అడిగి తెచ్చుకున్నాను" అని అది పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకున్నారు.

"అదిగో, పంటు చివర్న చూడమ్మా. నీలం చీర. అటు తిరిగి నిలబడింది. ఎవరు తీసేరో ఏమో, నాకు తెలియనే తెలియదు."

సభలో నేను నీళ్ళనే చూశాను, పంటుని చూడలేదు. ఇప్పుడు చూశాను. నిజమే, ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. ఆవిణ్ణి ఎవరూ తీయలేదు. యంత్రం తనంతట తాను వేసుకున్న మనిషి. ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను.

"మీ మేడంగారే కదమ్మా?" అన్నారాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఆయ్, మేడంగారేనండి" అన్నాను.

సినిమా అయిపోయింది. ఆయన రిమోట్ నొక్కి మళ్ళీ మొదటినుంచి పెట్టారు. నీళ్ళు ఎక్కడా తడబడకుండా సాగిపోతున్నాయి. ఆ నీలం చీర మనిషి అటు తిరిగే నిలబడి ఉంది.