జీపు తాగిన నీళ్లు

పొద్దున్నే రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు తగ్గి ఉండేవి. జీపు కింద నేల మాత్రం పొడిగానే ఉండేది. గొట్టాలన్నీ తడిమి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు.

మాది పాత డీజిల్ జీపు. సాలూరు నుంచి ఘాటీ ఎక్కి, కొండ మీది సంతలకు మనుషుల్నీ బస్తాల్నీ చేరవేస్తాం. మా ఆయనే నడిపేవాడు. వర్షాల్లో జారిపడి ఆయన కుడిచెయ్యి విరిగాక స్టీరింగ్ నా చేతికొచ్చింది. చేతికి కట్టుతో ఆయన నా పక్కన కూర్చునేవాడు. నీళ్ల సంగతి చెబితే, "పాత బండి కదే, ఎండకి ఆరిపోతన్నాయి. నూతినీళ్లు పోసీ," అనేవాడు. పోసేదాన్ని. కానీ కారకుండా, కనపడకుండా అన్ని నీళ్లు ఎటు పోతున్నాయన్న భయం నన్ను వదిలేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం మా వదినను అత్తవారింట దింపడానికి బయల్దేరాం. వదిన అంటే మా ఆయనకు అక్క. పుట్టింట్లో పురుడు పోసుకుని, చంటిబిడ్డతో కొండ మీది ఊరికి తిరిగి వెళుతోంది. వెనక సీట్లో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పక్కన బియ్యం బస్తా, ఉయ్యాల కర్రలు.

ఘాటీ సగం ఎక్కేసరికి జీపు ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా వేగం రాలేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి వెళ్లిపోయింది. అద్దంలో చూస్తే మా వెనక రోడ్డు కనబడలేదు. అంతా తెల్లటి పొగ.

"ఏటండీ, ఆ ముల్లు సూడండి!"

"పక్కకి తియ్, పక్కకి తియ్!" అన్నాడాయన.

పక్కకు తీసే చోటు లేదు. ఒకవైపు కొండ, రెండోవైపు లోయ. వంపు దాటితే కాస్త జాగా ఉందని ఇంకొంచెం తొక్కాను. ఇంజిను ఒక్కసారి దడదడలాడి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మరుక్షణం జీపు వెనక్కి జారింది.

బ్రేకు తొక్కాను. ఒకటి రెండుసార్లు పట్టి, ఆ తర్వాత పెడలు రాయిలా బిగిసిపోయింది. ఇంజిను ఆగితే బ్రేకుకు దాని సాయం ఉండదని అప్పటికి నాకు తెలియదు. హ్యాండ్‌బ్రేకు లాగినా బండి ఆగలేదు. వెనక నుంచి లోడు లారీ హారను మోగుతోంది.

"ఓలమ్మో! నా బిడ్డ!" అని వదిన కేక పెట్టింది.

"క్లచ్చి వదిలీ! గేరులోనే ఉన్నాది, కాలు తీసీ!" అని ఆయన అరిచాడు.

నేను భయంతో అప్పటికే క్లచ్చిని నేలకు తొక్కి పట్టి ఉన్నాను. కాలు నా మాట వినలేదు. ఆయన ఎడంచేత్తో నా మోకాలు పట్టి లాగేశాడు. గేరు పట్టుకుని జీపు గట్టిగా కుదిపింది, వేగం తగ్గింది. అయినా అంగుళం అంగుళంగా జారుతూనే ఉంది. ఆయన దూకి, ఒంటిచేత్తో రోడ్డు పక్క రాయి దొర్లించి వెనక చక్రం కింద తోశాడు. అప్పుడు ఆగింది.

వదిన బిడ్డను గుండెకు అదుముకుని దిగి, కొండవైపు గోడకు ఆనుకుంది. బిడ్డ నిద్ర లేవలేదు. ఊపిరి ఆడుతోందో లేదోనని వదిన మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంది.

ఆయన బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేశాడు. వెనక ఆగిన లారీలోంచి డ్రైవరు పరిగెత్తుకొచ్చి ఆయన భుజం పట్టి వెనక్కి లాగాడు.

"ఒరే బాబూ, ముట్టుకోకు! మూత తీస్తే మొకం కాలిపోద్ది. సల్లటి నీళ్లు కూడా పొయ్యకు, ఇంజిను హెడ్డు పగిలిపోద్ది. సల్లారనీ."

వదినను, బిడ్డను వెనకొచ్చిన బస్సెక్కించాం. సాయంత్రానికి మా జీపును మరో బండి మీదికెక్కించి సాలూరు దించారు.

షెడ్డులో మెకానిక్కు ఇంజిను పైభాగం, అంటే హెడ్డు ఊడదీసి, దానికీ కింది దిమ్మకూ మధ్య ఉండే రేకును నాకు చూపించాడు. అదే హెడ్ గాస్కెట్. ఒకచోట నల్లగా కాలి తెగిపోయింది.

"అమ్మా, నీళ్లు ఎండకి ఆరిపోనేదు. ఈ కంతలోంచి ఇంజినే తాగేసింది. నూతినీళ్ల సున్నం రేడియేటర్ని పూడ్సేసింది. అందుకే ఇంత ఏడి."

వేడికి వంగిన హెడ్డును విజయనగరం పంపి చదును చేయించాడు. కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు నడుమ నుంచి అంచులకు, ఒక్కసారిగా కాకుండా విడతలవారీగా బిగించాడు. ఇకమీదట నూతినీళ్లు మాని, రేడియేటర్లో కూలెంట్ ద్రవమే పొయ్యమన్నాడు. ఇంజిను ఆయిలు మూత లోపల తెల్లటి మీగడ కనిపించినా, చల్లటి బండి స్టార్టు చేయగానే రేడియేటర్లో ఆగకుండా బుడగలొచ్చినా గాస్కెట్ మళ్లీ పోయినట్టే, కొండెక్కొద్దన్నాడు.

బాగయ్యాక మొదటిసారి, ఆయన్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ జీపుతో ఘాటీ ఎక్కాను. ఆ వంపు దగ్గర నా కళ్లు రోడ్డు మీద కన్నా ముల్లు మీదే ఎక్కువ ఉన్నాయి. అది సగంలోనే నిలకడగా ఉంది. పైన టీకొట్టు దగ్గర ఆపాను. ఆయన దిగి, "రాయే, టీ తాగుదాం," అన్నాడు.

వస్తున్నానన్నాను. స్టీరింగ్ మీది నుంచి నా చేతులు రాలేదు. ఆయన టీ గ్లాసు పట్టుకొచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.