నడిమి డబ్బా

ఆ రోజుల్లో ఎమ్మిగనూరులోని మా మగ్గాల వీధికి మేధావిని నేనే. ఐదో తరగతి ఒక్కటే మూడేళ్లు చదివాను కాబట్టి, కలిపి చూస్తే ఏడు చదివినట్టేనని నా వాదన (అయ్యవారు ఒప్పుకోలేదనుకోండి). పార్టీ అంటే అప్పట్లో ఇంటిపేరు లాంటిది, చచ్చేదాకా ఒకటే అనుకునేవాళ్లం. అలాంటిది, ఆదోనిలో జిన్నింగు మిల్లున్న మా మేనమామ, పాత పార్టీ టికెట్టు ఇవ్వలేదని వారం తిరక్కుండా కొత్త పార్టీ జెండాతో మా వీధిలో దిగాడు. "ఈ వీధి ఓట్లు నీ మింద పెట్టినా అల్లుడూ. పడితే మిల్లులో గుమాస్తావి. పడకపోతే మగ్గం గుంత యాడికీ పోదు" అన్నాడు. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడమంటే నాకు ప్రాణసంకటం.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. తెర చాటుకు పోయి నచ్చిన పెట్టెలో చీటీ వేయాలి. మా అరుగు మీద మూడు కిరసనాయిలు డబ్బాలు పెట్టి, వీధి ఆడవాళ్ల చేత వేపాకులు వేయించి నేర్పించాను. గుర్తులు చెబితే కలగాపులగం చేస్తారని, మామ పెట్టె నడుమే ఉంటుందన్న ధీమాతో, "నడిమి డబ్బా. అంతే గుర్తుపెట్టుకోండి" అన్నాను. "నడిమిదేలే, సావగొట్టొద్దు" అంది మా జేజి, అంటే మా నాయన తల్లి.

పోలింగు రోజు పొద్దున్నే అందరికంటే ముందు నేను తెర వెనక్కి పోయి చూద్దును కదా, నడుమ ఉన్నది పాత పార్టీ పెట్టె. మామది గోడ పక్కన. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. బయటికొస్తే వరసలో మొదటి మనిషి జేజి, ఆమె వెనక వీధంతా. "జేజీ, గోడ..." అనేలోపే పోలీసు లాఠీ అడ్డం పెట్టి, "ఈడ మాటల్లేవప్పా, నడువు" అన్నాడు. దూరం నుంచి గోడవైపు తల ఊపుతూ దగ్గాను, మళ్లీ దగ్గాను. పాపం, ఎవరో చెంబుతో నీళ్లిచ్చారు.

జేజి తీరిగ్గా బయటికొచ్చింది.

"నడిమి దాంట్లో ఏసినావా?"

"లేదు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. "గోడ పక్క దాంట్లోనా?"

"అదీ కాదు. వాకిలి పక్కది. నూలు దొరకనప్పుడు మాతోపాటు ఎండలో నిలబడినాడు సూడు, ఆయప్పది. వీధంతా దాంట్లోనే ఏస్తాండారు."

ఆ మూడో మనిషిని నేను లెక్కలోకే తీసుకోలేదు. గుమాస్తా కుర్చీ నా కళ్లముందే మాయమైంది. ఆ తర్వాత మగ్గం గుంతలో కూర్చుని ఎన్ని పార్టీలు లేవడం, ఎన్ని కూలడం చూశానో. ఇప్పటికీ ఎవరైనా కండువా మార్చారంటే నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. "మామకు నేనేం సెప్పల్ల జేజీ?" అన్నాను.

"పార్టీ మార్సేటప్పుడు మీ మామ మమ్మల్ని అడిగినాడా? డబ్బా మార్సేటప్పుడు మేమెందుకు నాయనా ఆయప్పను అడగల్ల?" అంది జేజి.