మిగతా సగం జడ

మా ఎదురింటి పాస్టరు గారి అమ్మాయి పోయిన ఆదివారం ప్రభువునందు నిద్రించారు. అమ్మాయి అన్నానని చిన్నపిల్ల అనుకోకండి. డెబ్బై దాటిన మనిషి. దొరల కాలంలో ఒంగోలు వైపు పల్లెల్లో బాప్టిస్టు పాస్టరుగా తిరిగిన తండ్రికి ఒక్కతే కూతురు. ఆ తండ్రి కబుర్లు చెప్పీ చెప్పీ, ఫిల్మ్‌నగర్‌లో మా వీధి మొత్తానికీ ఆవిడ పాస్టరు గారి అమ్మాయే అయిపోయారు. నేను మాత్రం పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేస్తున్న రోజుల్లో, సౌండు రికార్డిస్టు అయిన మా ఆయన వెంట నేనూ వచ్చాను. అప్పటికి మా వీధిలో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. సామాను దించుకుంటుంటే ఆవిడ గేటు దగ్గరికొచ్చి, ఇవాళ ఆదివారం, పొయ్యి వెలిగించకండి అన్నారు. ఆదివారానికీ పొయ్యికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. వెళ్లి చూద్దును కదా, వరండాలో చాపల మీద వీధిలో సగం మంది కూర్చుని ఉన్నారు.

ఆ ఇంటి ఆచారం అది. చర్చి నుంచి రాగానే విస్తళ్లు వేసేవారు. మాకు పప్పు, మిగతావాళ్లకు కోడికూర. కానీ తండ్రి రాసిన ఉత్తరం ఒకటి చదవడం అయ్యేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఎడ్లబండి కట్టించుకుని ఊళ్లు తిరుగుతూ ఆయన ఇంటికి రాసినవి. బోధలుంటాయి కాబోలని బెదిరాను. "ఈ ఊళ్లో నా ప్రసంగం ఎవరికీ పట్టలేదు. ఎద్దు కాలికి కట్టు కట్టాను, అది మాత్రం అందరికీ పట్టింది" అని ఒకదాంట్లో ఉంది. "వంకాయలు పంపుతున్నాను. పుచ్చులుంటే నన్ను తిట్టు, ఇచ్చినవాళ్లను తిట్టకు" అని భార్యకు ఇంకోదాంట్లో. కూర చల్లారిపోతున్నా నవ్వుతూ వినేవాళ్లం.

చివరి ఉత్తరం మాత్రం ఈస్టరు నాడే చదివేవారు. కలరా తగిలిన ఒక పల్లెకు వెళ్తూ రాసింది. తల దువ్వుతుంటే కూతురు ఏడుస్తోందని భార్య రాసిందట, దానికి జవాబు: "పాప ఏడిస్తే సగం జడ వేసి వదిలెయ్యి. మిగతా సగం నేనొచ్చి వేస్తాను." ఆయన రాలేదు. ఆ కలరా ఆయన్నీ తీసుకుపోయింది. పిన్నిగారు గొంతు వణక్కుండా చదివేవారు. ఆ తరవాత మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్తే, ఎంతకీ వచ్చేవారు కాదు.

ఆ పంక్తికి మోతీనగర్ నుంచి సైకిలు మీద వచ్చే ఆర్ట్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. ఒకసారి వాళ్ల సినిమాలో దొరల కాలం నాటి ఇల్లు సెట్టు వేశారు. ఆ సెట్టులో పెట్టడానికి, దస్తూరీ చూసి నకళ్లు రాసుకుంటానని ఉత్తరాల కట్ట అడిగాడు. జాగ్రత్త నాయనా అని ఇచ్చారు పిన్నిగారు. కొత్త కాగితాన్ని పాతగా చూపించాలంటే టీ డికాషన్‌లో ముంచుతారు సినిమావాళ్లు. ఆయన నకళ్లన్నీ ముంచి ఆరేసి, వేరే పని మీద బయటికెళ్లాడు. బల్ల మీద అసలు ఉత్తరాలున్నాయి. మల్లు గుడ్డలో, ఎండు వేపాకు మధ్య దాచిన కాగితాలేమో, నకళ్లకంటే తెల్లగా ఉన్నాయి. ఇవింకా ముంచలేదనుకుని ఆయన కింద పనిచేసే కుర్రాళ్లు వాటినీ ముంచేశారు. సిరా అంతా కరిగిపోయింది.

సాయంత్రం పళ్లెంలో పెట్టుకుని తెచ్చాడు. గేటు దాటి లోపలికి రాలేదు. పిన్నిగారు ఒక్కో కాగితం బట్టలు ఆరేసే తీగ మీద వేస్తుంటే నేను క్లిప్పులు అందించాను. చివరి ఉత్తరంలో పైన పిలుపు, కింద సంతకం మాత్రమే మిగిలాయి. ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆవిడ ఏడుపు నేను వినడం అదే మొదలు.

కాసేపటికి మొహం కడుక్కుని వచ్చారు.

"ఇంత డికాషన్ కాచారు, కాసిని పాలు పోసుంటే తాగేవాళ్లం కదయ్యా" అన్నారు. ఆ మాటకు ఆయన భోరుమన్నాడు. ఆదివారం మాత్రం మానకు అని చెప్పి పంపించారు.

ఆ ఆదివారం విస్తళ్లు వేశారు. చదవడానికి ఏమీ లేదు. పిన్నిగారు టీ రంగు కాగితాలు ఒళ్లో పెట్టుకుని మావైపు చూశారు.

"చదివింది నేను, నాకు కాగితం చూడ్డమే అలవాటు. విన్నది మీరు. మాట మీ దగ్గరే ఉంటుంది, చెప్పండి."

మా ఆయన ఎద్దు కాలి సంగతి చెప్పారు. నేను వంకాయలు చెప్పాను. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందుకున్నారు. పెళ్లివారి పంక్తిలా సందడి లేచింది. చివరి ఉత్తరం దగ్గర అందరం ఆగిపోయాం. అది ఆవిడ సొంతం. ఆవిడ ఆ కాగితాన్నే అటూ ఇటూ తిప్పి చూశారు. ఆర్ట్ అసిస్టెంటు తల ఎత్తకుండానే అన్నాడు.

"పాప ఏడిస్తే సగం జడ ఏసి ఇడిసిపెట్టమన్నడు గదమ్మా. మిగిలింది నేనొచ్చి ఏస్తనన్నడు."

పిన్నిగారు లేచి మొదట ఆయనకే వడ్డించారు. "మా నాన్న నీ యాసలో కూడా బాగానే మాట్లాడాడయ్యా" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఈస్టరుకీ ఆ ఉత్తరం చెప్పే పని ఆయనదే.

పూజగది ఉన్న ఇంటి నుంచి వెళ్లిన నా దగ్గర ఆవిడ ఏనాడూ మతం సంగతి ఎత్తలేదు. ముక్కూమొహం తెలియని ఊళ్లో నాకో పుట్టింటిని ఇచ్చారు. ఆ రుణం మాటల్లో తీరేది కాదు, తీర్చుకోవాలని కూడా నాకు లేదు.

సోమవారం పొద్దున చర్చి ఆడవాళ్లు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. తల దువ్వే పని నాకు వదిలారు. ఆ వయసులో కూడా ముడి వేసుకోని మనిషి, ఎప్పుడూ ఒంటి జడే. సగం దాకా అల్లాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పెట్టె వచ్చింది, తొందరగా కానివ్వమ్మా అన్నారెవరో.

"అయిపోయిందండీ" అన్నాను. "మిగతాది వేసేవాళ్లున్నారు."

గుమ్మం బయట నిలబడ్డ ఆర్ట్ అసిస్టెంటు కండువాతో మొహం కప్పుకున్నాడు. సగం అల్లిన జడను ఆవిడ భుజం మీదికి తెచ్చి, దువ్వెన పక్కనే పెట్టాను.